రవాణా వ్యవస్థల ఇంజనీరింగు: మన విద్యార్థులకొక ఉన్నత విద్యామార్గం

(ప్లాటినం జూబిలీ విద్యా సదస్సులో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఒడియా సీమలో ఒక తెలుగు పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలు నిలిచి ఉండడం సామాన్య విషయం కాదు. ఈ శుభ సమయంలో గడచినదానిని తలచుకొని సంతోషించడంతో పాటు, రేపు మన పిల్లలు ఏమి చదువుతారన్న ప్రశ్నను కూడా ఆలోచించవలెనని ఉత్సవ సమితివారు భావించి, ఆ విషయమై నన్ను మాట్లాడమన్నారు. వైద్యవిద్యను గురించి, కంప్యూటరు చదువులను గురించి ప్రతి ఇంటిలోను చర్చ జరుగుతూనే ఉన్నది. కావున మన ఇళ్ళలో అంతగా వినబడని ఒక శాస్త్రాన్ని నేను ఎన్నుకొన్నాను. దాని పేరు రవాణా వ్యవస్థల ఇంజనీరింగు. ఇది సివిల్ ఇంజనీరింగు పట్టా పొందిన తరువాత రెండేళ్ళపాటు చదివే ఎం.టెక్. విద్య.

పేరు వినగానే ఇది రోడ్లు వేసే చదువని అనిపించవచ్చును. అది సగమే నిజం. రోడ్డు వేయడం ఒక విద్య. ఆ రోడ్డు మీద ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు, ఎంత ఖర్చుతో, ఎంత క్షేమంగా చేరుతున్నారో తెలుసుకొని, చేరలేకపోతున్నవారు ఎవరో గుర్తించి, తగిన ఏర్పాటు చేయడం మరొక విద్య. ఈ రెండవ దానికే ఈ చదువులో పెద్దపీట. గంజాం గడ్డ మీద పుట్టిన బిడ్డకు ఇది పరాయి శాస్త్రం కాదని, ఈ నేల చరిత్రయే దీనికి తొలి పాఠమని మనవి చేయడమే నా ఉద్దేశం.

1866వ సంవత్సరపు కరవును తలచుకొనండి. ఆనాడు గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. ముందు సంవత్సరం వానలు లేక పంటలు ఎండిపోయాయి. ఒరిస్సా ప్రాంతంలో సుమారు పది లక్షల మంది, అనగా జనాభాలో మూడవ వంతు వరకు మరణించారని చరిత్రకారులు చెబుతారు. గంజాం కూడా ఆ బాధకు లోనయింది. దేశంలో బియ్యం బొత్తిగా లేకపోలేదు. ప్రభుత్వం ఆలస్యంగా మేల్కొని బియ్యం తెప్పించేసరికి వర్షకాలం వచ్చిపడింది. సముద్రం అల్లకల్లోలమై ఓడలనుండి సరకు దించడం కష్టమయింది. దించిన బియ్యాన్ని లోపలి గ్రామాలకు చేర్చడానికి సరియైన బాటలు లేవు. ఆకలి ఒకచోట, అన్నం ఒకచోట ఉండిపోయాయి. పాలకుల అలసత్వం ఎంత కారణమో, దారి లేకపోవడం కూడా అంత కారణం.

తరువాత 1893-1896 సంవత్సరాల మధ్య బెజవాడ నుండి కటకం వరకు ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం వేయబడింది. మన బరంపురం ఆ మార్గం మీదికి వచ్చింది. 1902లో దీని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. బరంపురంలో 1894లో జన్మించిన తెలుగు బిడ్డ వరాహగిరి వేంకటగిరిగారు ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1928 నాటి సమ్మెకు నాయకత్వం వహించి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. రైలు కేవలం ఇనుము, బొగ్గు కాదని, దానిని నడిపే మనుషులు కూడా వ్యవస్థలో భాగమేనని వారి జీవితం తెలుపుతుంది. ఇక గోపాలపురం రేవునుండి మన తెలుగు, ఒడియా కూలీలు ఓడలెక్కి రంగూనుకు వెళ్ళి, పొట్టపోసుకొని, ఇంటికి డబ్బు పంపిన కాలం మన తాతల నోట విన్నదే. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సేనలు బర్మాలో ప్రవేశించగా ఆ ఓడదారి మూతపడింది. దానితో ఎన్నో కుటుంబాల జీవనం తలక్రిందులయింది.

అప్పటి గంజాంలోనే ఉన్న పర్లాకిమిడి సంస్థానం మరొక పాఠం చెబుతుంది. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు నడిచింది. తొలి సంవత్సరాలలో నష్టమే వచ్చింది. తరువాత లాభాలు కనిపించాయి. 1931 నాటికి మార్గం గుణుపురం వరకు సాగింది. 2004లో చిన్న రైలు ఆగిపోయి, 2011లో అదే దారిన పెద్ద రైలు వచ్చింది. తొలినాటి టిక్కెట్ల లెక్క మాత్రమే చూసినవారు ఆ రైలును దండుగ అనియుందురు. సంతకు చేరిన ధాన్యం, ఆసుపత్రికి చేరిన రోగి, బడికి చేరిన పిల్లవాడు టిక్కెట్ల లెక్కలో కనబడరు. వారిని లెక్కలోనికి తెచ్చే పద్ధతిని రవాణా ఆర్థిక శాస్త్రమంటారు. ఎం.టెక్.లో అదియును ఒక పాఠ్యాంశమే.

ఇప్పుడు 2013 అక్టోబరు 12వ తేదీకి రండి. ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటిన ఆ రాత్రిని ఈ సభలోని వారెవరూ మరచియుండరు. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఇళ్ళు కూలాయి, చెట్లు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. 1999 అక్టోబరు 29 నాటి మహా తుపానులో ఒరిస్సాలో దాదాపు పదివేల మంది మరణించగా, ఫైలిన్‌లో మృతుల సంఖ్య పదులలో మాత్రమే ఉండినది. ముందుగా అందిన హెచ్చరిక, తుపాను ఆశ్రయాలు, అధికారుల కృషి ఇందుకు కారణాలు. వాటితోపాటు సుమారు పది లక్షల మందిని గాలి రాకమునుపే సురక్షిత స్థలాలకు చేర్చగలగడం ముఖ్య కారణం. ఏ గ్రామం ముందు ఖాళీ చేయవలె, ఏ దారిన పంపవలె, ఎన్ని వాహనాలు కావలె, నడవలేని వృద్ధులను ఎవరు ఎక్కించవలె అనేవి రవాణా శాస్త్రపు ప్రశ్నలే. 1866లో అన్నం మనిషి దగ్గరకు చేరలేదు, 2013లో మనిషి ఆశ్రయానికి చేరగలిగాడు. ఈ రెండింటికి నడుమ ఉన్న దూరమే ఈ శాస్త్రపు విలువ.

ఇక తరగతిగదిలో ఏమి నేర్పుతారో కొంచెం చెబుతాను. ఒక పట్టణపు ప్రయాణాలను అంచనా వేయడానికి నాలుగు మెట్ల పద్ధతి ఒకటి కలదు. ఏ పేట నుండి ఎన్ని ప్రయాణాలు బయలుదేరుతాయనేది మొదటి మెట్టు. అవి ఎక్కడికి వెళ్తాయనేది రెండవది. గోసానినువాగాం నుండి బయలుదేరినవారిలో గిరి మార్కెట్టుకు ఎందరు, వైద్య కళాశాల ఆసుపత్రికి ఎందరు, భంజ విహార్‌లోని విశ్వవిద్యాలయానికి ఎందరు? సైకిలు, ఆటో, బస్సు, మోటారు సైకిలు, కాలినడక వీటిలో దేనిమీద వెళ్తారన్నది మూడవది. ఏ వీథి గుండా వెళ్తారన్నది నాలుగవది. ఈ నాలుగు తెలిసిన తరువాతనే వంతెన ఎక్కడ కట్టవలె, బస్సు ఎక్కడ నడపవలె అన్న నిర్ణయానికి అర్థముంటుంది.

మూడవ మెట్టు మీద గొప్ప పరిశోధన జరిగింది. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో కొత్త నగర రైలు ప్రారంభం కావడానికి ముందు, డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆచార్యుడు ప్రయాణికులను ప్రశ్నించి, మనుషులు వాహనాన్ని ఎన్నుకొనే తీరును గణితంలో పెట్టారు. నూటికి 15 మంది ఆ రైలెక్కుతారని అధికారుల అంచనా. 6.3 మందే ఎక్కుతారని ఆయన లెక్క. వాస్తవంగా ఎక్కినవారు 6.2 మంది. ఈ ఎన్నిక సిద్ధాంతానికే 2000వ సంవత్సరంలో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అడగవలసిన ప్రశ్నను అడగవలసిన మనిషిని అడిగినందుకు దక్కిన ఫలమది.

వాహన ప్రవాహానికి సంబంధించిన ఒక సూత్రం మన పదవ తరగతి పిల్లలకు కూడా సులభంగా తెలుస్తుంది. ప్రవాహమనగా సాంద్రతను వేగంతో గుణించగా వచ్చినది. కిలోమీటరు పొడవున 40 వాహనాలుండి, అవి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే, గంటకు 1,200 వాహనాలు దాటుతాయి. అదే దారిలో 100 వాహనాలు ఇరుక్కొని వేగం 6 కిలోమీటర్లకు పడిపోతే, దాటేవి 600 మాత్రమే. రోడ్డు నిండా వాహనాలున్నాయి, గమ్యం చేరేవి సగమయ్యాయి. సంవత్సరం విడిచి సంవత్సరం జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో నెలరోజులపాటు బరంపురపు ఇరుకు సందులలో నడిచినవారికి ఈ సూత్రాన్ని వేరుగా బోధించనక్కరలేదు.

మన దేశపు రోడ్డుకు మరొక ప్రత్యేకత ఉన్నది. విదేశీ గ్రంథాలలో కార్లు గీతల మధ్య వరుసగా పోతాయి. మన దగ్గర లారీ ప్రక్కన సైకిలు, దాని ప్రక్కన ఎడ్లబండి, నడుమ ఆవు కనిపిస్తాయి. వీటినన్నింటిని ఒకే కొలతలోనికి తేవడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌వారు కారును ఒకటిగా పెట్టుకొన్నారు. గ్రామీణ రహదారులకై 1990లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మోటారు సైకిలు అర, బస్సు లేక లారీ మూడు, సైకిలు రిక్షా రెండు, ఎడ్లబండి ఎనిమిది. మందగతిన పోయే ఎడ్లబండి ఎనిమిది కార్ల చోటును ఆక్రమిస్తుందన్నమాట. మన దారులకు మన కొలతలే కావలెను. వాటిని తయారుచేయడానికి ఈ దారులలో నడిచిన కళ్ళు కావలెను.

క్షేమం విషయానికి వస్తాను. 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. మన జిల్లా గుండా పోయే 16వ నెంబరు జాతీయ రహదారి, అనగా పూర్వపు 5వ నెంబరు రహదారి, చెన్నై-కోల్‌కతా మార్గం. దానివలన మన సరకు వేగంగా పోతున్నది. దాని కిరుప్రక్కల ఉన్న గ్రామాల పిల్లలకు మాత్రం అదే రహదారి దాటవలసిన ఏరువలె అయింది. వేగంగా పోయేవారి కోసం రోడ్డు వేసినప్పుడు, అడ్డంగా దాటేవారి సంగతి ఎవరు చూడవలెను? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా రవాణా ఇంజనీరు ధర్మమే.

అమ్మలారా, అయ్యలారా! ఈ విషయం బడికి దూరమైనది కాదు. ఎనిమిదవ తరగతి దాటిన తరువాత కొందరు ఆడపిల్లలు బడికి రావడం మానివేస్తారు. కారణమడిగితే, “చదువు మీద ఇష్టం లేక కాదు టీచరమ్మా, అంత దూరం ఒంటరిగా ఎలా పంపగలం?” అని తల్లులు అంటారు. ఈ మాటను నేను ఎన్నోసార్లు విన్నాను. దీనికి శాస్త్రీయమైన నిదర్శనం కూడా కలదు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్ళిచ్చే పథకాన్ని ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు దానిని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఉన్నత పాఠశాలలో బాలికల నమోదు 32 శాతం పెరిగింది. బాలబాలికల మధ్యనున్న అంతరం 40 శాతం తగ్గింది. ఉన్నత పాఠశాల 3 కిలోమీటర్లు, అంతకు మించి దూరంలో ఉన్న గ్రామాలలో ఈ ఫలితం ఎక్కువగా కనిపించింది. పాఠ్యపుస్తకం మారలేదు, ఉపాధ్యాయుడు మారలేదు, దారి మాత్రం దగ్గరయింది. మన ఒడిశాలో కూడా తొమ్మిదవ తరగతి పిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం ఉన్నదని మీరెరుగుదురు. తెలుగు మాధ్యమ పాఠశాలలు ఊరికొకటి లేని ఈ సీమలో, మన పిల్లవాడు తన భాషలో చదువుకొనవలెనంటే ఇతరులకంటె ఎక్కువ దూరం నడవవలసి వస్తుంది. కాబట్టి దూరమన్నది మన పాఠశాల మనుగడకు సంబంధించిన విషయం.

ఇక తల్లిదండ్రుల మనస్సులో ఉన్న సందేహానికి వస్తాను. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంతటి ఉన్నత విద్యలో నెగ్గగలరా? తియ్యని మాటలు చెప్పి మిమ్ములను మభ్యపెట్టను. ఆ చదువు ఆంగ్లంలోనే సాగుతుంది. మొదటి ఆరు మాసాలు కష్టంగానే ఉంటాయి. తొమ్మిదవ తరగతి నుండి ప్రతిదినం ఒక పుట ఆంగ్లం అర్థం చేసుకొని చదివే అలవాటు లేకపోతే ఆ కష్టం రెట్టింపవుతుంది. అయితే ఈ శాస్త్రానికి ఆధారాలు మూడు: గణితం, పరిశీలన, ప్రజలతో సంభాషణ. గణితానికి భాషాభేదం లేదు. పరిశీలన కంటితో జరిగేది. మూడవదానిలో మన పిల్లలదే పైచేయి. ఇంటింటికి వెళ్ళి “మీరు రోజూ ఎక్కడికి, దేనిమీద వెళ్తారు?” అని అడిగి లెక్కలు సేకరించడం ఈ విద్యలో ప్రధానమైన పని. జాలరి పల్లెలో తెలుగున, ప్రక్క ఊరిలో ఒడియాన, రైలుస్టేషనులో హిందీన ఈ ప్రశ్నను అడగగలిగిన బిడ్డకు సరియైన సమాధానం దొరుకుతుంది. లెక్క తప్పితే కోట్ల రూపాయల వంతెన తప్పుచోట లేస్తుంది. మాతృభాషతోపాటు ఇరుగుపొరుగు భాషను నేర్పిన ఈ సీమ మన పిల్లలకిచ్చిన ఆస్తి ఇది. దీనిని లోపమని భావించి చిన్నబుచ్చుకొనవద్దు.

దారి ఏదో చెబుతాను. పదవ తరగతి తరువాత ప్లస్ టూలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు తీసుకొనవలెను. ప్రవేశ పరీక్ష వ్రాసి బి.టెక్. సివిల్‌లో చేరవలెను. దీనికి దూరం పోనక్కరలేదు, బరంపురంలో 2009లో ఏర్పడిన పరలా మహారాజా ఇంజనీరింగు కళాశాలలో ఈ శాఖ కలదు. పదవ తరగతి తరువాత డిప్లొమా చేసి, ఆ పిమ్మట బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరే దారి కూడా ఉన్నది. పట్టా పొందినవారు గేట్ పరీక్ష వ్రాయవలెను. అందులో సివిల్ ప్రశ్నపత్రంలో రవాణా ఒక భాగం. ఉత్తీర్ణులై మంచి స్థానం పొందినవారికి బొంబాయి ఐ.ఐ.టి.లో రవాణా వ్యవస్థల ఇంజనీరింగు అనే పేరుతోనే ఎం.టెక్. ఉన్నది. ఖరగపూర్, భువనేశ్వర్ ఐ.ఐ.టి.లలోను, వరంగల్, రూర్కెలా ఎన్.ఐ.టి.లలోను రవాణా ఇంజనీరింగు చదవవచ్చును. గేట్ ద్వారా ఇటువంటి ప్రభుత్వ సంస్థలలో చేరిన ఎం.టెక్. విద్యార్థులకు నెలకు 12,400 రూపాయల భృతి లభిస్తున్నది. బీదరికం వలన వెనుకాడే తల్లిదండ్రులు ఈ మాటను గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాను. మొదటి సంవత్సరం ట్రాఫిక్ ప్రవాహం, రవాణా ప్రణాళిక, రహదారి పొరల రూపకల్పన, గణాంక శాస్త్రం మున్నగునవి చదువుతారు. రెండవ సంవత్సరం ఎక్కువగా పరిశోధనా వ్యాసానికే పోతుంది. తరువాత రహదారుల శాఖలు, రైల్వేలు, నగర మెట్రోలు, సలహా సంస్థలు, 1952 నుండి ఢిల్లీలో పనిచేస్తున్న కేంద్రీయ రహదారి పరిశోధనాలయం వంటి చోట్ల పనులుంటాయి. ఇది నీడపట్టున కూర్చొని చేసే పని మాత్రమే కాదు. ఎండలో కూడలి వద్ద నిలబడి బండ్లను లెక్కించే ఓర్పు కావలెను. ఆడపిల్లలకు ఇది తగదన్న అపోహను కూడా విడిచిపెట్టండి. ఒంటరిగా బస్సు కోసం ఎదురుచూచిన బాలికకంటె బస్సు విలువ ఎరిగినవారెవరు?

చివరగా మూడు విన్నపాలు చేస్తాను.

సహోపాధ్యాయులకు: తొమ్మిదవ తరగతి పిల్లల చేత “బడికి వచ్చే దారి” అనే పనిని ఈ సంవత్సరమే చేయిద్దాము. ప్రతి విద్యార్థి ఏ ఊరినుండి, ఎంత దూరంనుండి, దేనిమీద, ఎంత సేపట్లో వస్తున్నాడో, ఎక్కడ రోడ్డు దాటుతున్నాడో వ్రాయించి, పటం గీయిద్దాము. గణిత ఉపాధ్యాయుడు సగటు తీయించవచ్చును, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని పటం వేయించవచ్చును, తెలుగు పండితులు నివేదిక వ్రాయించవచ్చును. ఎం.టెక్.లో చేసే సర్వేకు ఇది బాలశిక్ష. ఆ పటాన్ని పట్టుకొని పంచాయతీకి, మునిసిపల్ కార్పొరేషనుకు వెళ్ళి, ఈ చోట దాటుబాట కావలెనని అడిగే అధికారం మనకు కలుగుతుంది.

తల్లిదండ్రులకు: దూరమని పిల్లను బడి మాన్పించక ముందు ఒక్కసారి మా దగ్గరకు రండి. ఒకే దారిన వచ్చే నలుగురు పిల్లలను జతచేర్చి పంపే ఏర్పాటు మనమే చేసుకొనవచ్చును.

పూర్వ విద్యార్థులకు: మీలో ఇంజనీర్లున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు, బస్సులు నడిపేవారున్నారు, ఆటోలు నడిపేవారున్నారు. సంవత్సరానికొక దినం వచ్చి మీ పని ఎటువంటిదో పిల్లలకు చెప్పండి. ఎం.టెక్. చేరదలచిన పిల్లవానికి గేట్ పుస్తకాలు, పరీక్ష రుసుము సమకూర్చే చిన్న నిధిని ఈ జూబిలీ పేరిట నెలకొల్పండి. పెద్ద భవనం కట్టడానికి చందాలు చాలకపోవచ్చును గాని, ఒక బిడ్డను దారిలో పెట్టడానికి చాలుతాయి.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మన ఊళ్ళ మీదుగా పోయింది. గీత ఇరుప్రక్కల మనుషులను కలిపి ఉంచినవి దారులే. ఆ దారుల శాస్త్రాన్ని మన పాఠశాలనుండి వెళ్ళిన బిడ్డలు అభ్యసించి, ఈ జిల్లాలో ఏ పిల్లా దూరం వలన చదువు మానుకొనని దినాన్ని తేగలరని ఆశిస్తున్నాను.